రూపాయికి 8 పైసలు

2019 ఆగస్టులో ఒక మధ్యాహ్నం, భోజనం చేసి వచ్చి సీట్లో కూర్చున్నానో లేదో, ఎకనామిక్స్ స్కాలర్ ఒకబ్బాయి నా టేబుల్ మీద రెండు కాగితాలు పెట్టాడు. ఒకటి ఏదో జర్నల్ వాళ్లు పంపిన యాక్సెప్టెన్స్ లెటరు. రెండోది 14,000 రూపాయలు కట్టిన రసీదు. "ఇది చెల్లుతుందో లేదో ఒకసారి చూడండి మేడం, మా గైడుగారు అనుమానపడుతున్నారు" అన్నాడు.

జర్నల్ పేరు నిజమే. ప్రతి పత్రికకూ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఐఎస్‌ఎస్‌ఎన్ నంబరూ నిజమే. వెబ్‌సైటు మాత్రం ఆ జర్నల్‌ది కాదు. అసలు పత్రిక యూరప్‌లో ఒక సొసైటీ ఏడాదికి నాలుగుసార్లు తెచ్చేది. దాని పేరూ నంబరూ ఎత్తుకొచ్చి ఇంకెవరో దొంగ సైటు కట్టి వసూళ్లు చేస్తున్నారు. క్లోన్ జర్నల్ అంటాం వీటిని. అది తేల్చడానికి నాకు పట్టింది పది నిమిషాలు. ఆ డబ్బు అతను వాళ్లక్క దగ్గర అప్పు తెచ్చాడని తర్వాత తెలిసింది. లేచి వెళ్తూ ఒక మాట అన్నాడు: "లైబ్రరీలో ఇలాంటివి చెబుతారని నాకు తెలీదు మేడం."

అప్పటికి నేను ఈ యూనివర్సిటీ లైబ్రరీలో 16 ఏళ్లుగా ఉన్నాను, అందులో ఎక్కువ భాగం రిఫరెన్సు డెస్కులోనే. దొంగ జర్నళ్ల గురించి నోటీసుబోర్డులో రెండుసార్లు పెట్టాను, ఒకసారి సెమినార్ హాల్లో క్లాసు కూడా చెప్పాను. ఆ అబ్బాయి ఉండే హాస్టల్ మా గేటుకు ఎదురుగానే. అయినా నా మాట అతని దాకా పోలేదు. ఆ జర్నల్ సంగతి మాత్రం వాట్సాప్ ఫార్వర్డుగా నేరుగా అతని జేబులోకే వెళ్లింది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఆ వారమే స్కాలర్లతో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాను. అప్పట్లో గ్రూపుకు 256 మందే పరిమితి. రెండు రోజుల్లో నిండింది. నెల తిరక్కుండా గుడ్ మార్నింగులు, దేవుడి బొమ్మలు, ఎవరో పెట్టిన పార్టీ వీడియో, దాని మీద తగువు. నేను పెట్టిన డేటాబేసు వివరం వీటి మధ్య ఎక్కడో అడుగున పడిపోయేది. ఇదంతా సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఒకటి జరిగింది. బోటనీలో కొత్తగా చేరిన ఒకమ్మాయి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "నేను గ్రూపులోంచి వెళ్లిపోతాను మేడం, ఏమీ అనుకోవద్దు" అంది. అడగ్గా అడగ్గా చెప్పింది. గ్రూపులో తన నంబరు చూసి ఎవడో రాత్రిళ్లు మెసేజీలు పెడుతున్నాడట.

ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్లారో పక్కవాళ్లకు చెప్పకూడదన్నది మా చదువులో తొలి పాఠాల్లో ఒకటి. 256 మంది ఫోన్ నంబర్లు 256 మందికీ నేనే పంచానన్న సంగతి ఆ అమ్మాయి చెప్పేదాకా నాకు తట్టలేదు. ఆ కుర్రాడి మీద వాళ్ల హెడ్డుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అదే రోజు గ్రూపు మూసేశాను. సోషల్ మీడియాలోకి దిగాలనుకునే లైబ్రేరియన్లకు నేను మొదట చెప్పేది ఇదే. ఎంతమంది చేరతారన్నది తర్వాత. చేరినవాళ్లు ఒకరికొకరు కనబడతారా లేదా అన్నది ముందు చూసుకోండి.

తర్వాత టెలిగ్రాం ఛానల్ పెట్టాను. అందులో చేరినవాళ్లకు ఒకరి నంబరు ఒకరికి తెలియదు. మనం పెట్టింది అందరికీ చేరుతుంది. పాత పోస్టు కావాలంటే ఆరు నెలల తర్వాత చేరినవాళ్లు కూడా వెతుక్కోవచ్చు. ప్రశ్నలకు విడిగా ఒక చర్చా గ్రూపు, దానికి నాతో పాటు ఇద్దరు ఎంఎల్‌ఐఎస్సీ (లైబ్రరీ సైన్సు పీజీ) విద్యార్థినులు కాపలా. ఐదారు నెలలు నింపాదిగా నడిచింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. హాస్టళ్లు ఖాళీ చేయించారు. స్కాలర్లు పెట్టెలు సర్దుకుని ఊళ్లకు పోయారు. మేం లక్షలు పోసి తెప్పించే ఈ-జర్నళ్లేమో క్యాంపస్ ఇంటర్నెట్‌లో తప్ప తెరుచుకోవు.

నిజానికి బయటి నుంచి తెరిచే దారి అప్పటికే ఉంది. యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే సంస్థ, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల ఇన్‌ఫెడ్ అనే లాగిన్ ఏర్పాటు ద్వారా, యూనివర్సిటీ ఇచ్చిన ఐడీతో ఎక్కడి నుంచైనా లాగిన్ కావచ్చు. మా దగ్గర దాన్ని వాడేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. ఎందుకంటే దాని గురించి మేం ఇచ్చిన సూచనలు ఇంగ్లీషులో రెండు పేజీలు, ఒక్క బొమ్మ లేదు. మా వంటింటి గట్టు మీద ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి, లాప్‌టాప్ తెర కనిపించేలా పెట్టి, మొత్తం తెలుగులో చెబుతూ నాలుగు నిమిషాల వీడియో తీశాను. "ఇక్కడ మీ సంస్థ పేరు వెతకమంటుంది, మన యూనివర్సిటీ పేరు మొదటి నాలుగు అక్షరాలు కొట్టండి చాలు" లాంటి మాటలు. యూట్యూబ్‌లో పెట్టి ఛానల్‌లో లింకు ఇచ్చాను. సిగ్నల్ సరిగ్గా లేని ఊళ్ల నుంచి వీడియో తిరగడం లేదని చెబితే, అదే సంగతి ఏడు స్క్రీన్‌షాట్లుగా, ఒక వాయిస్ మెసేజీగా మళ్లీ పెట్టాను. పాడేరు వైపు నుంచి ఒక స్కాలర్, ఊరి బయట గుట్టెక్కి డౌన్‌లోడ్ చేసుకున్నానని చెప్పాడు. ఆ వారంలో వచ్చినన్ని లాగిన్ అభ్యర్థనలు అంతకు ముందు ఏడాది మొత్తం మీద కూడా రాలేదు.

మా నాన్న జిల్లా గ్రంథాలయ సంస్థ కింద ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యారు. ఈ సంగతి ఫోన్లో చెబితే, ఆయనకు వెంటనే పడవ గ్రంథాలయం గుర్తొచ్చింది. 1935లో పాతూరి నాగభూషణం గారి చొరవతో కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య పడవలో పుస్తకాలు తిప్పారు. పాఠకుడు రాలేకపోతే పుస్తకమే ఒడ్డుకు పోయింది. మా నాన్నకు ఫోనులో వీడియో ఎలా తెరవాలో రాదు. నేను చేస్తున్నది ఏమిటో మాత్రం మా పై అధికారులందరి కన్నా ముందు ఆయనకే అర్థమైంది.

పోస్టులు పెట్టడం కూడా నేర్చుకోవాల్సిన పనే. మొదట్లో "కొత్తగా వచ్చిన పుస్తకాలు" అని జాబితా పెట్టేదాన్ని, ఎవరూ తెరిచేవారు కాదు. అదే జాబితాలో ఒక పుస్తకం పట్టుకుని "కరువు మీద థీసిస్ రాసేవాళ్లు దీని మూడో అధ్యాయం చూడండి, తాలూకాలవారీ లెక్కలు ఉన్నాయి" అని రాస్తే ఆ సాయంత్రానికే ఆ పుస్తకం కోసం ముగ్గురు వచ్చారు. ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు ఉంటాడన్నది మన దేశంలో లైబ్రరీ సైన్సుకు పితామహుడైన రంగనాథన్ గారి మూడో సూత్రం, 1931 నాటి మాట. ఆ పాఠకుడు ఎవరో ఊహించి, నేరుగా అతనితో మాట్లాడుతున్నట్టు రాయాలని నాకు ఈ ఛానల్ నేర్పింది. ఇన్‌స్టాగ్రాం విషయంలో మాత్రం నాకు పెద్ద నమ్మకం లేదు. అందమైన పుస్తకాల ఫొటోలకు లైకులు బాగానే వస్తాయి. ఆ లైకుల్లోంచి లైబ్రరీకి వచ్చినవాళ్లను నేను ఎక్కువగా చూడలేదు.

అన్నిటికన్నా ఎక్కువ తిరిగింది "డబ్బు కట్టే ముందు" అన్న పోస్టు. ఆ ఎకనామిక్స్ అబ్బాయిని తలుచుకుంటూ రాసింది. జర్నల్ పంపిన మెయిల్లోని లింకు నొక్కకండి. ఐఎస్‌ఎస్‌ఎన్ పోర్టల్‌లో ఆ నంబరు వెతికి, అక్కడున్న పేరు, దేశం, ప్రచురణకర్త మీకు వచ్చిన వివరాలతో సరిపోతున్నాయో చూడండి. స్కోపస్‌లో (పరిశోధన పత్రికల అంతర్జాతీయ సూచీ) ఉందని చెప్పుకుంటే స్కోపస్ వాళ్ల జాబితాలోకే వెళ్లి చూడండి, జర్నల్ సైటు మీద అతికించిన ముద్రను నమ్మకండి. ఎడిటోరియల్ బోర్డులో ఒకరిని ఎంచుకుని, వాళ్ల యూనివర్సిటీ పేజీలో ఉన్న మెయిలుకు రాసి, "మీరు నిజంగా ఇందులో ఉన్నారా" అని అడగండి. పాత సంచికల్లో మూడు వ్యాసాలు తెరిచి చదవండి. వ్యవసాయం, దంతవైద్యం, మార్కెటింగ్ ఒకే సంచికలో ఉంటే అక్కడే ఆగండి. వారంలో పేపరు వేస్తామంటే, దాన్ని ఎవరూ చదవకుండానే వేస్తున్నారని అర్థం. ఈ పోస్టు మా యూనివర్సిటీ దాటి ఎక్కడెక్కడికో పోయింది. హైదరాబాద్, వరంగల్, తిరుపతి నుంచి స్కాలర్లు ఛానల్‌లో చేరారు. బెంగళూరులో, చెన్నైలో చదివే తెలుగు పిల్లలు కూడా వచ్చారు.

అలా పెరుగుతున్న రోజుల్లోనే చర్చా గ్రూపులో ఎవరో ఒక పాఠ్యపుస్తకం మొత్తం స్కాన్ చేసి పీడీఎఫ్ పెట్టారు. శనివారం రాత్రి పెట్టారు, సోమవారం ఉదయం దాకా మాలో ఎవరూ చూడలేదు. ఈలోగా వందల మంది దించుకున్నారు. పది రోజులకు ఒక ప్రచురణ సంస్థ నుంచి రిజిస్ట్రారు గారికి మెయిలు, అక్కడి నుంచి నాకు మెమో. "అనుమతి లేకుండా యూనివర్సిటీ పేరుతో ఛానల్ నడుపుతూ..." అని మొదలైంది. నా సర్వీసులో మొదటి మెమో అది. చేతులు వణికాయి.

జవాబు రాయడానికి కాపీరైట్ చట్టం ముందేసుకుని కూర్చున్నాను. అనుమతి లేకుండా ఎక్కడెక్కడ కాపీ చేసుకోవచ్చో చెప్పే సెక్షన్ 52 అంతకు ముందు పరీక్ష కోసం చదివాను, ఈసారి నా కోసం చదివాను. ఢిల్లీ యూనివర్సిటీ జెరాక్సు షాపు కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు చాలామంది గుర్తుపెట్టుకున్నారు, కానీ సగమే గుర్తుపెట్టుకున్నారు. పాఠం చెప్పడంలో భాగంగా, కావలసిన భాగాలతో కోర్సు ప్యాక్ తయారు చేసుకోవడం గురించి అది. పుస్తకం పుస్తకమంతా తెచ్చి, ఎవరైనా చేరగల గ్రూపులో పెట్టడానికి అది రక్షణ కాదు. తప్పు జరిగిందని ఒప్పుకుంటూ, పీడీఎఫ్ తీసేసిన తేదీ, సమయం, ఇకపై ఫైళ్లు పెట్టే అవకాశం నిర్వాహకులకు మాత్రమే ఉండేలా మార్చిన సంగతి, అన్నీ రాశాను. చివర, ఛానల్‌కు అధికారికంగా అనుమతి ఇవ్వమని కోరాను. ఆశ్చర్యంగా, మందలింపుతో పాటు ఆ అనుమతి కూడా వచ్చింది.

బాధ పెట్టింది మెమో కాదు. ఒక ఎంఏ విద్యార్థి చర్చా గ్రూపులో రాసిన మాట: "ఆ పుస్తకం 1,900 రూపాయలు మేడం. మీరూ ఆపేస్తే మాకెవరిస్తారు?" దానికి నా దగ్గర ఒక్క వాక్యంలో చెప్పే జవాబు లేదు. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం, దొంగదారి పట్టకుండా చదువుకోవడానికి ఒక దారి చొప్పున పెడుతున్నాను. నేషనల్ డిజిటల్ లైబ్రరీలో ఏముందో, శోధగంగలో ఇదే అంశం మీద ఏ థీసిస్‌లు ఉన్నాయో, డెల్‌నెట్ ద్వారా వేరే లైబ్రరీ నుంచి పుస్తకం ఎలా తెప్పించాలో, వ్యాసం రాసినవాళ్లకే మర్యాదగా మెయిలు రాసి కాపీ ఎలా అడగాలో. ఆ చివరిదానికి నమూనా ఉత్తరం కూడా రాసి పెట్టాను. దాన్ని వాడినవాళ్లలో చాలామందికి జవాబులు వచ్చాయి. ఆ 1,900 రూపాయల పుస్తకం రెండు కాపీలు రిఫరెన్సుకు తెప్పించాను.

ఇక డబ్బు సంగతి.

2021లో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరు గారు ఫోన్ చేశారు. మా యూనివర్సిటీకి ఏ సంబంధమూ లేని మనిషి. తన అంశం మీద పదేళ్లలో వచ్చిన పరిశోధనంతా వెతికి జాబితా చేసి ఇవ్వగలరా అన్నారు. రెండు ఆదివారాలు కూర్చుని చేసిచ్చాను. మర్నాడు నేను అడక్కుండానే నా ఫోన్‌పేకి 2,000 రూపాయలు వచ్చాయి. వెంటనే తిప్పి పంపాను. ఆయన నొచ్చుకున్నారు. "మీ రెండు ఆదివారాలు తీసుకున్నాను కదా మేడం, ఊరికే ఎందుకు తీసుకోవాలి?" అన్నారు. యూనివర్సిటీ ఉద్యోగి అనుమతి లేకుండా బయట సంపాదించకూడదని సర్వీసు నిబంధన, కాబట్టి నేను చేసింది సరే. కానీ ఆయన ప్రశ్న అక్కడే ఉండిపోయింది. అలాంటి ఫోన్లు నెలకు పది పన్నెండు వచ్చేవి. ఊరికే చేస్తే మా సొంత విద్యార్థుల సమయం బయటివాళ్లకు పోతుంది. చేయనంటే నాకు తెలిసిన విద్య నా దగ్గరే మూలపడుతుంది.

అంతకు కొద్ది నెలల ముందే ఒక ఆన్‌లైన్ రిఫ్రెషర్ కోర్సులో 'ఇన్ఫోప్రెన్యూర్' అన్న మాట విన్నాను. సమాచారాన్ని వెతికి, వడకట్టి, అవసరమైనవాళ్లకు అమర్చి ఇవ్వడమే వృత్తిగా, వ్యాపారంగా చేసేవాళ్లు. చాలా దేశాల్లో లైబ్రేరియన్లు సోషల్ మీడియా ద్వారా ఈ పని చేస్తున్నారని చెప్పారు. నాకు ఆ మాట రుచించలేదు. లైబ్రరీ పక్కన వ్యాపారం అన్న మాట పెడితేనే ఏదో అపచారంలా ఉండేది. మా నాన్నకైతే అసలు నచ్చదనుకుని, ఊరెళ్లినప్పుడు భయం భయంగానే అడిగాను.

ఆయన పడక కుర్చీలోంచి లేవకుండానే అన్నారు: "లైబ్రరీ ఉచితమని నీకెవరు చెప్పారమ్మా? ఇంటిపన్ను కట్టే ప్రతివాడూ రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాడు. పంచాయతీ ఆ సెస్సు పంపకపోతే పేపరు ఏజెంటుకు నేను నా జీతంలోంచి కట్టిన నెలలున్నాయి. ఎవరో ఒకరు కడితేనే నడుస్తుంది. గుమ్మంలోకి వచ్చిన పిల్లవాణ్ని మాత్రం డబ్బు అడగకూడదు. అంతవరకే."

1960 నాటి గ్రంథాలయ చట్టం నేను పరీక్ష కోసం బట్టీ పట్టినదాన్నే. ఆ 8 పైసల్లో నా ప్రశ్నకు జవాబు ఉందని ఆయన చెప్పేదాకా నాకు కనిపించలేదు. ఎవరి దగ్గర తీసుకోవాలి, ఎవరి దగ్గర తీసుకోకూడదు అన్నదే అసలు ప్రశ్న.

తిరిగొచ్చి నోట్ ఫైలు పెట్టాను. మా విద్యార్థులకు, స్కాలర్లకు, చుట్టుపక్కల జనానికి కౌంటరు దగ్గరా ఛానల్‌లోనూ అంతా ఉచితం. బయటి సంస్థలు గంటల తరబడి పని అడిగితే కన్సల్టెన్సీ కింద రుసుము, అది యూనివర్సిటీ ఖాతాకే. అందులో పనిచేసిన విద్యార్థులకు పారితోషికం. ఫైలు 11 నెలలు తిరిగింది. ఫైనాన్సు వాళ్లు "లైబ్రరీకి కన్సల్టెన్సీ ఏమిటి?" అని రెండుసార్లు వెనక్కి పంపారు. సైన్సు డిపార్టుమెంటు నీళ్ల శాంపిల్ పరీక్షించి రుసుము తీసుకున్నట్టే ఇదీ అని మూడోసారి రాశాను. సంతకమైంది.

ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఎక్కువ సంతోషాన్నిచ్చింది దీని తర్వాతిది. మా ఎంఎల్‌ఐఎస్సీ పిల్లలకు ఉద్యోగాలు లేవు. పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంటాయి, నోటిఫికేషన్ రాదు. 2022లో పాసైన నలుగురు, ముగ్గురు అమ్మాయిలూ ఒకబ్బాయి, ప్రైవేటు కాలేజీల లైబ్రరీలను కంప్యూటర్లో ఎక్కించే పని సొంతంగా మొదలుపెడతామన్నారు. ఇది వాళ్ల సొంత సంస్థ, యూనివర్సిటీకీ నాకూ అందులో పైసా వాటా లేదు. నేను నేర్పేదాన్ని, అంతే.

వాళ్లు వాడేది కోహా. న్యూజీలాండ్‌లో ఒక చిన్న ప్రాంతీయ లైబ్రరీ కోసం తయారై 2000 జనవరి నుంచి నడుస్తున్న సాఫ్ట్‌వేర్. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. కోహా అంటే మావోరీ భాషలో కానుక అని అర్థం. కానుక ఉచితమే, కానీ దాన్ని సర్వర్లో నిలబెట్టి, ఆరువేల పుస్తకాలు అందులోకి ఎక్కించి, బార్‌కోడ్లు అంటించే మనుషులు కావాలి. ఆ పని కోసమే కాలేజీలు డబ్బు ఇస్తాయి. కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ తనిఖీ వస్తుందనగానే లైబ్రరీ ఆటోమేషన్ గురించి రాయాలి కదా, అప్పుడు అందరికీ తొందర. ఈ పిల్లలు యూట్యూబ్‌లో పెట్టిన చిన్న వీడియో, "మీ కాలేజీ యాక్సెషన్ రిజిస్టరు ఇలా ఉందా?" అన్నది చూసి మొదటి కాలేజీవాళ్లు పిలిచారు. 6,200 పుస్తకాలు, పుస్తకానికి 9 రూపాయలు.

సగానికి పైగా తెలుగు పుస్తకాలు. అక్కడ మొదలైంది అసలు కష్టం. పుస్తకాల వివరాలు కంప్యూటర్లో రాసే మార్క్ 21 పద్ధతిలో 100వ ట్యాగులో రచయిత పేరు పెట్టాలి. ఇంగ్లీషు పద్ధతి ప్రకారం ఇంటిపేరు చివర ఉంటుంది, దాన్ని ముందుకు తెచ్చి కామా పెడతారు. మనకు ఇంటిపేరు ముందే ఉంటుంది. ఇదివరకు ఎవరో అదే యాంత్రికంగా తిరగేయడం వల్ల గురజాడ అప్పారావు గారు ఒక రికార్డులో 'అప్పారావు, గురజాడ' అయ్యారు, ఇంకోదాంట్లో 'రావు, గురజాడ అప్పా' అయ్యారు. శ్రీశ్రీ ఒకచోట, శ్రీరంగం శ్రీనివాసరావు ఇంకోచోట, ఇద్దరు వేర్వేరు మనుషుల్లా. రోమన్ లిపిలో ఎక్కించిన పాత జాబితాలో 'విశ్వ' అన్న రెండక్షరాలకే నాలుగు స్పెల్లింగులు. పాఠకుడు తెలుగులో కొడితే ఏమీ రాదు, అంటే ఆ పుస్తకం బీరువాలో ఉన్నా లేనట్టే.

నలుగురూ మా ఇంట్లో వరండాలో మూడు వారాలు సాయంత్రాలు కూర్చుని రచయితల పేర్లకు ఒక అథారిటీ ఫైలు తయారు చేసుకున్నారు. ఒక మనిషికి ఒక్కటే ప్రామాణికమైన పేరు, మిగతా కలం పేర్లు, స్పెల్లింగులు దానికి దారి చూపేవి. తెలుగు లిపి, రోమన్ లిపి రెండూ ఒకే రికార్డులో, రెండో లిపిలోని రూపం రాసుకునే 880 ట్యాగు సాయంతో. ఏ పేరును ప్రామాణికంగా ఎంచుకోవాలన్న దాని మీద రోజూ వాదనే. ఆరుద్ర అని వెతుకుతారు గానీ భాగవతుల సదాశివ శంకరశాస్త్రి అని ఎవరు వెతుకుతారంటే, నేను వాళ్ల పక్షమే. అలాంటి చోట పుస్తకం అట్ట మీద ఉన్న పేరే గెలవాలి. ఇప్పుడు వాళ్లు ఏ కాలేజీకి వెళ్లినా ముందుగా తీసుకెళ్లేది ఆ ఫైలే. వాళ్ల పెట్టుబడి అదే అని నేను నమ్ముతాను. డేటా ఎంట్రీ చేసేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు, శ్రీశ్రీ ఎవరో తెలిసి ఎంట్రీ చేసేవాళ్లు దొరకరు.

మొదటి కాలేజీ సగం డబ్బు ఇచ్చి మిగతా సగానికి ఏడు నెలలు తిప్పింది. అప్పటి నుంచి పని మూడు భాగాలుగా చేసి, ఒక్కో భాగానికి డబ్బు అందాకే తర్వాతిది మొదలుపెడుతున్నారు. ఈ ఒప్పందం కాగితం రాయడం నేను నేర్పలేదు, మా నలుగురిలో ఒకమ్మాయి తండ్రి మేస్త్రీ, ఆయన నేర్పారు.

డబ్బు దండిగా వచ్చే పని ఒకటి మా గుమ్మం దాకా వచ్చి నిలబడింది. యూనివర్సిటీ గేటు బయట జెరాక్సు షాపుల మీద బోర్డులు మీరు చూసే ఉంటారు: "ప్లేజరిజం తగ్గించబడును." 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్‌కు ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 లోపైతే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. దాంతో థీసిస్ చేతిలో పెట్టుకుని "ఎలాగైనా 10 లోపుకు తెప్పించండి, ఎంతైనా ఇస్తాం" అని అడిగేవాళ్లు. షాపులవాళ్లు ఒక్కో మాటకు పర్యాయపదం పెట్టి, అర్థం చెడగొట్టి, అంకె తగ్గిస్తారు. మా పిల్లలకూ ఇన్‌స్టాగ్రాంలో రోజూ ఇదే అడుగుతూ మెసేజీలు వచ్చేవి. ఒక థీసిస్‌కు వచ్చే డబ్బు వాళ్లకు వెయ్యి పుస్తకాల ఎంట్రీతో సమానం. ఒకబ్బాయి ఊగాడు, ఇంట్లో అప్పులున్నాయి. నేను కోప్పడలేదు. అలా వచ్చిన ఒక థీసిస్‌లో రెండు పేజీలు అతని చేతే పైకి చదివించాను. 'వరకట్నం' అన్నచోట 'వరుడి బహుమతి' అని ఉంది. అతనే ఆపేశాడు.

దాని బదులు మేం ఛానల్‌లో ఉచితంగా నేర్పడం మొదలుపెట్టాం. ఉటంకించి, ఎవరిదో చెప్పిన వాక్యాలను, గ్రంథ సూచిని లెక్కలోంచి మినహాయించవచ్చని, 14 పదాల వరకు వరుసగా కలిసే మామూలు మాటలను కూడా తీసేయవచ్చని ఆ నిబంధనల్లోనే ఉంది. అది తెలియక భయపడి షాపులకు పోయేవాళ్లే ఎక్కువ. సగం మందికి రిపోర్టు చదవడం నేర్పితే చాలు, బయటికి పోయే అవసరమే ఉండదు.

2025 జనవరిలో వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ మొదలైంది. దేశమంతటికీ కేంద్రమే చందా కట్టే పథకం అది: 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 ఈ-జర్నళ్లు, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలన్నిటికీ. మేం ఏళ్లుగా బడ్జెట్ చాలక వదులుకున్న జర్నళ్లు కూడా ఒక్కసారిగా తెరుచుకున్నాయి. సంతోషంతో ఆ రోజు ఛానల్‌లో మూడు పోస్టులు పెట్టాను. ఫిబ్రవరిలో, నమ్మదగిన జర్నళ్ల పేర్లు ఇచ్చే యూజీసీ కేర్ జాబితా ఎత్తేశారు. ఆ సాయంత్రం నుంచి ఫోను ఆగలేదు: "ఇప్పుడు ఎందులో వేయాలి మేడం?" ఏది మంచి జర్నలో తేల్చే బాధ్యత ఇప్పుడు సంస్థల మీద పడింది, అంటే చివరికి గైడు మీద, స్కాలర్ మీద. దొంగ జర్నళ్లకు ఇంతకన్నా మంచి అదను ఉండదు. "డబ్బు కట్టే ముందు" పోస్టును మళ్లీ రాశాను. ఈసారి నేను ఒక్కదాన్నే రాయలేదు. మొదట చెప్పిన ఆ ఎకనామిక్స్ అబ్బాయి ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరరు. తన 14,000 పోయిన తీరు పేరుతో సహా తానే చెబుతూ వీడియో ఇస్తానన్నాడు. పేరు వద్దన్నాను. గొంతు మాత్రం పెట్టాం.

రాత్రి 7 నుంచి 8 దాకా మాత్రమే ప్రశ్నలకు జవాబిస్తానని ఛానల్ మీద రాసి ఉంచాను. దాటి వచ్చినవి మర్నాడే. మొదటి రెండేళ్లు ఇది పాటించక నా ఆరోగ్యం పాడు చేసుకున్నాను.

కన్సల్టెన్సీ అనుమతి ఈ ఏడాది మళ్లీ పొడిగించాలి, ఫైలు ఫైనాన్సులోనే ఉంది. ఈసారి నోట్‌లో సెస్సు సంగతి కూడా రాశాను. మా నలుగురు పిల్లలు సోమవారం నుంచి ఒక పల్లెటూరి గ్రంథాలయంలో పని మొదలుపెడుతున్నారు. 1950ల నాటి బౌండు సంచికలు, చెదలు పట్టకముందే స్కాన్ చేయాలి. ఊరివాళ్లు చందాలు వేసుకుని పిలిచారు. స్కానరు బస్సులో పట్టదు, ఆటో మాట్లాడుకున్నారు. తెల్లవారి ఆరింటికి బయల్దేరతామంటే, ఉప్మా కట్టిస్తానన్నాను.